ఆదివాసీ కళల వేసవి కోర్సులో ఆదివాసీకి గురువు కుర్చీ వేయండి – నిర్వాహకులకు, అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కళాశాల యాజమాన్యానికి, కోర్సు సమన్వయకర్తలకు, దానికి నిధులు మంజూరు చేసిన అధికారులకు, మా ప్రాంత అధ్యాపక మిత్రులకు,

నమస్కారం.

నేను గుంటూరు దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పే టీచర్ని. పోయిన వేసవిలో విజయవాడలో మీరు నడిపిన ఆదివాసీ కళలు, మానవ హక్కుల కోర్సులో ఫీజు కట్టి చేరి, పూర్తి చేసి, సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఇలాంటి కోర్సు ఒకటి మన ఊళ్లో పెట్టాలన్న ఆలోచన చాలా మంచిది. మా డిగ్రీలో గానీ, బీఈడీలో గానీ ఈ విషయాల మీద ఒక్క పీరియడ్ కూడా జరగలేదు. అందుకు మీకు కృతజ్ఞతలు.

కోర్సు చివరి రోజునే మా అభ్యంతరాలు ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో రాశాం. తర్వాత మా బ్యాచ్ టీచర్లం కొందరం సంతకాలు చేసి వినతిపత్రం ఇచ్చాం. అందినట్టు ముద్ర వేశారు. ఎప్పుడు ఫోన్ చేసినా 'ఫైలు పైకి పంపాం' అన్న జవాబే వచ్చింది. ఇప్పుడు ఈ ఏడాది కోర్సుకి బ్రోషర్ వచ్చేసింది. సిలబస్ అదే, వక్తలు దాదాపు వాళ్లే. మేం చెప్పిన వాటిలో ఒక్కటీ అందులోకి ఎక్కలేదు. అందుకే ఇదంతా అందరి ముందూ పెడుతున్నాను. నేను కళ్లారా చూసినవీ, చట్టంలో ఉన్నవీ తప్ప ఇందులో ఇంకేం రాయడం లేదు.

1. పాఠం చెప్పాల్సిన మనిషిని డెమో ఇచ్చే మనిషిని చేశారు.

సీతంపేట ఏజెన్సీ నుంచి ఒక సవర చిత్రకారుడు వచ్చారు. రాత్రంతా జనరల్ బోగీలో ప్రయాణం చేసి, తెల్లవారుజామున విజయవాడ స్టేషన్లో దిగి, హాలు తాళం తీసేదాకా మెట్ల మీద కూర్చున్నారు. టైమ్‌టేబుల్లో ఆయన పేరు లేదు. 'సవర చిత్రకళ – ఉపన్యాసం' అని ఒక అధ్యాపకుడి పేరు వేసి, పక్కన 'డెమోతో సహా' అని రాశారు. పొద్దున పూట మొత్తం ఉపన్యాసానికే పోయింది. భోజనాల ముందు మిగిలిన కాసేపే ఆయనకి దక్కింది.

సవరలు ఈ బొమ్మలు ఇంటి గోడ మీద వేస్తారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో తెల్లగా గీస్తారు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, విత్తనాలు చల్లే ముందు, కొత్త పంట ఇంటికొచ్చినప్పుడు, చనిపోయిన పెద్దల్ని తలుచుకుని వేస్తారు. ఎవరి కోసమో తెలిశాకే బొమ్మ మొదలవుతుంది. దానికి ముందు చేయాల్సిన పూజ ఉంటుంది. ఆయన అదే చెప్పబోయారు. తెలుగు ఆయనకి ఇంటి భాష కాదు కాబట్టి ఆగి ఆగి మాట్లాడతారు. 'కథంతా సార్ ఇందాకే చెప్పేశారు, మీరు గీసి చూపించండి' అని నిర్వాహకుల్లో ఒకరు తొందరపెట్టారు. టైల్స్ వేసిన గోడ ముందు బల్ల, బల్ల మీద ఐవరీ షీటు, అక్రిలిక్ రంగు. ఆయన ముందు నాలుగు గీతలతో ఒక చట్రం గీశారు. తర్వాత లోపల వరసగా మనుషులు, చెట్టు, ఏనుగు, సూర్యుడు, చంద్రుడు. అందరం ఫోన్లు పైకెత్తాం. లంచ్ గంట మోగింది, హాలు ఖాళీ అయింది. ఆయన ఇంకా మనుషుల్ని గీస్తూనే ఉన్నారు.

మేం ముగ్గురు నలుగురం మాత్రం ఆగి, ఆ చట్రం ఏమిటని అడిగాం. 'ఇల్లు' అన్నారు. పెద్దలు వచ్చి ఉండటానికి ఇల్లు కట్టాలి కదా అన్నారు. పొద్దున ఉపన్యాసంలో దాన్నే 'అలంకారపు అంచు' అని చెప్పారు, మేమంతా నోట్సులో రాసుకున్నాం. ఆ గదిలో విషయం తెలిసిన మనిషికి మైకు ఇచ్చి ఉంటే అందరూ సరిగ్గా రాసుకునేవారు.

డిగ్రీ లేనివారిని రిసోర్స్ పర్సన్‌గా చూపిస్తే ఆడిట్లో అభ్యంతరం వస్తుందని మాతో నోటిమాటగా అన్నారు. ఆ మాట నిలబడదు. యూజీసీ 2022లో తెచ్చిన 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' మార్గదర్శకాల్లో, తన రంగంలో దీర్ఘకాలం పనిచేసి పేరు తెచ్చుకున్నవారికి పట్టా తప్పనిసరి కాదని స్పష్టంగా ఉంది. కళాకారుల్నీ చేతివృత్తుల వారినీ విద్యాసంస్థల్లోనే ఉంచి నేర్పించుకోవడానికి 2023లో యూజీసీ విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. గోదావరి కోయల వంశకథల్ని డోలు మీద పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ కథలు ఆయనకి ఏ యూనివర్సిటీ నేర్పలేదు. 2024లో ఆయన పోయారు. ఆయన దగ్గర కూర్చుని నేర్చుకునే అవకాశం మన కాలేజీల్లో ఎంతమంది పిల్లలకి దొరికిందో ఆలోచించండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవరల దగ్గరే సవర భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలో చదువు చెప్పించడానికి జీవితంలో పెద్ద భాగం ధారపోశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సవరల ముందు శిష్యుడిగా కూర్చోవడం ఆయనకి చిన్నతనం అనిపించలేదు. మనకెందుకు అనిపించాలి?

2. వక్తలకు పారితోషికం, కళాకారులకు శాలువా.

ఉపన్యాసకులకి గంటల లెక్కన డబ్బు బ్యాంకు ఖాతాలో పడింది. అది తప్పని నేను అనను, పడాల్సిందే. కళాకారులకి మాత్రం శాలువా, మెమెంటో ఇచ్చి, ప్రయాణ ఖర్చులు 'బిల్లు పెట్టాక' ఇస్తామన్నారు. పాన్ కార్డు కాపీ, క్యాన్సిల్ చేసిన చెక్కు, ఒరిజినల్ టికెట్లు తెమ్మన్నారు. జనరల్ టికెట్ చొక్కా జేబులో చెమటకి నానిపోతే దానికి రుజువు ఎక్కడినుంచి తెస్తారు? చెక్కు పుస్తకం లేని మనిషి ఏ చెక్కు క్యాన్సిల్ చేస్తారు? ఈ కాగితాల గొడవలో వాళ్లలో కొందరికి నేను ఈ లేఖ రాసేనాటికి కూడా డబ్బు అందలేదు. వాళ్లు కూలి రోజులు వదులుకుని వచ్చినవాళ్లు. మెమెంటోతో ఇంట్లో బియ్యం రావు.

3. బొమ్మ మీద పేరు లేదు, పాట మీద అనుమతి లేదు.

ఈ ఏడాది బ్రోషర్ అట్ట మీద ఉన్న బొమ్మ ఆ సవర చిత్రకారుడు ఆ రోజు హాలు ఖాళీ అయ్యాక పూర్తి చేసిందే. నేను చూసి గుర్తుపట్టాను. అట్ట మీద గానీ లోపల గానీ ఆయన పేరు లేదు. ఆయనకి ఫోన్ చేసి అడిగితే, తన బొమ్మ అచ్చయిందన్న సంగతే తెలియదన్నారు. అదే బొమ్మని చేతిసంచుల మీద కూడా వేయించారని విన్నాం.

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం బొమ్మ గీసినవాడే దానికి మొదటి హక్కుదారు. ఆ హక్కు ఇంకొకరికి పోవాలంటే రాతపూర్వకంగా బదిలీ జరగాలి. శాలువా కప్పడం బదిలీ కిందకి రాదు. సంప్రదాయ శైలిలో గీసినంత మాత్రాన ఆ కాగితం మీది బొమ్మ ఎవరిదీ కాకుండా పోదు.

పాట సంగతి ఇంకా బాధాకరం. పల్నాడు తండా నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు, మేం అడిగితే, పెళ్లికూతురు పుట్టిల్లు వదిలేటప్పుడు ఏడుస్తూ పాడే ధావ్లో పాడి వినిపించారు. పాడుతూ ఆమె నిజంగానే కన్నీళ్లు పెట్టుకున్నారు, మాలో చాలామంది ఏడ్చాం. ఆ వీడియోని కోర్సు యూట్యూబ్ ఛానల్లో 'ట్రైబల్ డాన్స్ సాంగ్' అని పేరు పెట్టి, వెనకాల డీజే బీటు కలిపి పెట్టారు. ఆమె మనవరాలు ఫోన్లో చూసి మాకు చెప్పింది. ఆ ఏడుపు కింద కామెంట్లలో జనం నవ్వుతున్న బొమ్మలు పెడుతుంటే ఆ పిల్లకి ఎలా ఉంటుంది?

పాడేవారికీ ఆడేవారికీ కూడా చట్టం హక్కులిచ్చింది. కాపీరైట్ చట్టంలో 'ప్రదర్శకులు' ఎవరో చెప్పేచోట గాయకులు, నర్తకులతో పాటు గారడీవాళ్లని, పాములాడించేవాళ్లని కూడా పేరుపేరునా చేర్చారు. వాళ్ల ప్రదర్శనని రికార్డు చేయాలన్నా, జనంలోకి వదలాలన్నా అనుమతి ఇచ్చే హక్కు 50 ఏళ్ల పాటు వాళ్లదే. కేవలం పాఠం చెప్పడానికో పరిశోధనకో రికార్డు చేసుకుంటే మినహాయింపు ఉంది, అది నేను ఒప్పుకుంటాను. బీటు కలిపి, ప్రకటనలు వచ్చే ఛానల్లో పెట్టడం పాఠం చెప్పడం ఎలా అవుతుంది? పైగా 2012 సవరణ తర్వాత, ఇది పాడింది ఫలానావారు అని చెప్పించుకునే హక్కు, పరువుకి భంగం కలిగేలా పాటని మార్చితే అడ్డుకునే హక్కు కూడా ప్రదర్శకులకి ఉన్నాయి.

ఐక్యరాజ్యసమితి 2007 సెప్టెంబర్ 13న ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటనని ఆమోదించినప్పుడు అనుకూలంగా పడిన 144 ఓట్లలో మన దేశం ఓటు ఒకటి. తమ సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడుకునే, తమ అదుపులో ఉంచుకునే హక్కు వాళ్లదేనని దాని 31వ అధికరణం చెబుతుంది. అది మన కోర్టుల్లో నేరుగా అమలయ్యే చట్టం కాకపోవచ్చు. కానీ కోర్సు రెండో రోజున ఆ అధికరణాన్ని మాకు తెర మీద చూపించి చదివించింది మీరే. ఆ మరుసటి రోజే ఈ పాట రికార్డయింది.

4. తరగతి గదిలో ఒక జాతిని అవమానించారు.

గుంటూరు వైపు నుంచి ఒక ఎరుకల ఆవిడని గంపలు అల్లి చూపించడానికి పిలిచారు. ఆమె వంతు మధ్యాహ్నం. పొద్దున్నుంచీ వెనక గోడ దగ్గర నేల మీద కూర్చుని, ఈత బరిగెల్ని కత్తితో నిలువునా చీల్చి, గీకి సిద్ధం చేసుకుంటున్నారు. ముందు మాట్లాడిన వక్త మైదాన ప్రాంత గిరిజనుల గురించి చెబుతూ, 'స్టువర్టుపురం అంటే మీకు వేరే చెప్పక్కర్లేదుగా, పర్సులు జాగ్రత్త' అన్నారు. హాల్లో నవ్వులు. ఆవిడ తలెత్తలేదు. కత్తి ఒక్క క్షణం ఆగింది, మళ్లీ బద్ద గీకడం మొదలైంది. మధ్యాహ్నం ఆమె గంప అల్లారు గానీ ఎవరేం అడిగినా ఒకటి రెండు మాటలకి మించి చెప్పలేదు.

మానవ హక్కుల కోర్సులో ఆ పూట చెప్పాల్సిన పాఠం ఇది: బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, పుట్టుకతోనే మనుషుల్ని దొంగలుగా ముద్ర వేసింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది. సంచారం చేస్తూ ఉప్పు, ధాన్యం, గంపలు అమ్ముకునే ఎరుకల కుటుంబాల్ని పట్టుకొచ్చి సెటిల్మెంట్లలో పెట్టి, హాజరు వేయించి, పాసు లేకుండా ఊరు దాటనివ్వలేదు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా పుట్టిన ఊరే. ఒక ఇంగ్లీషు అధికారి పేరు దానికి పెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయింది. అందుకే విముక్త జాతులవాళ్లు ఆగస్టు 31ని తమ విముక్తి దినంగా జరుపుకుంటారు. చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటినా, ఆ ఊరి పేరు చెప్పగానే అద్దెకి ఇల్లు ఇవ్వనివాళ్లు, ఉద్యోగం ఇవ్వనివాళ్లు ఉన్నారు. ఆ ముద్రని చెరపడానికి పెట్టిన కోర్సులోనే మళ్లీ ముద్ర వేశారు. ఈ విషయంలో మాకు వివరణలు వద్దు. ఆమెకి క్షమాపణ చెప్పాలి.

5. హక్కుల్లోంచి భూమినీ అడవినీ తీసేశారు.

మానవ హక్కుల భాగం మొత్తం 1948 విశ్వ మానవ హక్కుల ప్రకటన స్లైడ్లతో సరిపోయింది. అది అవసరమే. కానీ మా బ్యాచ్‌లో ఒక అబ్బాయి లేచి పోలవరం ముంపు గ్రామాల గురించి అడిగితే, 'అది రాజకీయం, సిలబస్‌లో లేదు' అని కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఇంకెవరూ ప్రశ్న అడగలేదు.

కోయల కొమ్ము నృత్యం మీద మాకు ఒక పూట క్లాసు జరిగింది. తలపాగాకి అడవిదున్న కొమ్ములు కట్టి, డోలు కొడుతూ ఆడతారని వీడియో చూపించారు. ఆ కొమ్ములు ఇప్పుడు కొత్తవి దొరకవు. అడవిదున్న వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్లో ఉన్న జంతువు. తాతల నాటివి జాగ్రత్తగా దాచుకోవాల్సిందే. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, ఎటపాక మండలాల్లో ఊళ్లకి ఊళ్లే నీళ్లలో మునిగాయి. అలాంటి వరదలో అటక మీది డోలు, కొమ్ములు పోతే వాటి విలువ ఏ నష్టపరిహారం జాబితాలో రాస్తారు? పోలవరం కింద కదలాల్సిన కుటుంబాలు లక్షకు పైనే. వాటిలో పెద్ద భాగం కోయలు, కొండరెడ్లు. పునరావాస కాలనీలో ఇల్లు ఇస్తారు. పండగ జరిగే చెట్టు, గ్రామదేవత ఉండే చోటు, పదిమంది వరసగా నిలబడి ఆడే మైదానం ఆ ప్లానులో ఉండవు. ఈ సంగతి చెప్పకుండా కొమ్ము నృత్యం ఏం నేర్పుతాం? అడుగులు మాత్రమే వస్తాయి.

రాజకీయం అని తోసేసిన ఈ విషయాలన్నీ మన పార్లమెంటు, సుప్రీంకోర్టు మాట్లాడినవే. 1996 పెసా చట్టం, రాజ్యాంగం కింద గిరిజన ప్రాంతాలుగా ప్రకటించిన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రతి గ్రామసభకీ తన సంప్రదాయాల్ని, సాంస్కృతిక గుర్తింపునీ కాపాడుకునే అధికారం ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం జీవవైవిధ్యానికి, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద ఆ సముదాయానికే హక్కు ఉందని చెప్పింది. మన రాష్ట్రం నుంచే సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమిని గనుల కోసం గిరిజనేతరులకి లీజుకివ్వడం చెల్లదని తీర్పిచ్చింది. దేశమంతా చదివే ఈ తీర్పు పేరు విజయవాడలో జరిగిన మానవ హక్కుల కోర్సులో ఒక్కసారి కూడా వినపడలేదు.

మన చుట్టుపక్కల ఉన్న యానాదులు, ఎరుకలు, సుగాలీల పరిస్థితి ఇంకో రకం. గుంటూరు, కృష్ణా షెడ్యూల్డ్ ప్రాంతాలు కావు. పెసా ఇక్కడ వర్తించదు, గిరిజన ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టమూ వర్తించదు. ఆ గంపలు అల్లే ఆవిడని మధ్యాహ్నం టీ దగ్గర అడిగాను, ఇప్పటికీ రోజూ అల్లుతున్నారా అని. 'ఈతచెట్లు ఏవమ్మా? గట్లన్నీ చదును చేసి ప్లాట్ల రాళ్లు పాతారు. ఆ కాసిన్ని బరిగెల కోసం ఆటోకి డబ్బులు పెట్టి వెళ్లాలి. ఇక్కడ మీరు పిలిచారని తెచ్చాను' అన్నారు. ఆమె కళకి అడ్డు ఎక్కడుందో ఆ మాటలోనే ఉంది. ఉమ్మడి ఆస్తుల మీద, చెరువు గట్ల మీద, పోరంబోకు మీద పేదల హక్కు ఏమిటన్నది కోర్సులో ఒక అధ్యాయం కావాలి. ఎందుకు కాలేదు?

6. ఈ తప్పులు మా ద్వారా బడి పిల్లల దాకా వెళ్తున్నాయి.

నేను ఎక్కువగా బాధపడేది దీని గురించే. మీ కోర్సులో చేరినవాళ్లలో ఎక్కువమంది టీచర్లం. మేం నేర్చుకున్నది జూన్‌లో బడి తెరవగానే పిల్లల ముందు పెడతాం. ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం అని చాలా బళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. పిల్లల ముఖాలకి నల్లరంగు పూసి, నడుముకి ఆకులు కట్టి, తలకి ఈకలు పెట్టి 'జింగలాల' అని గెంతించి బహుమతులిస్తాం. మా బళ్లో ఆ రోజు ఇద్దరు యానాది పిల్లలు స్టేజీ పక్కన స్తంభం చాటున నిలబడ్డారు. వాళ్లని పాల్గొనమంటే రామన్నారు. వాళ్లమ్మానాన్నలు కృష్ణా కాలవల్లో చేపలు పట్టేవాళ్లు, సీజన్‌లో రొయ్యల చెరువుల కాపలాకి వెళ్లేవాళ్లు. ఆకులు కట్టుకున్న మనిషిని ఆ పిల్లలు ఎన్నడూ చూడలేదు. అయినా ఆ వేషం తమ గురించేనని వాళ్లకి అర్థమైంది.

ఆ పిల్లలు ఎందుకు బడి మానేస్తున్నారని ఏడాదికోసారి సర్వేలు చేస్తాం. కుల ధ్రువీకరణ పత్రం లేక స్కాలర్‌షిప్ ఆగిపోవడం, ఆధార్లో పుట్టిన తేదీ తప్పుపడటం, తల్లిదండ్రులతో వలస వెళ్లడం లాంటివి కారణాలుగా రాస్తాం. బడిలో పడే సిగ్గుకి ఆ ఫారంలో గడి ఉండదు. మీ కోర్సు సరిగ్గా జరిగితే మాలాంటి టీచర్లం కనీసం ఆ సిగ్గు పెట్టకుండా ఉంటాం.

ఇక మా డిమాండ్లు. ఇవేవీ కొత్త బడ్జెట్ అడిగేవి కావు. చాలా వరకు ఉన్న డబ్బు, ఉన్న గంటలు పంచుకునే పద్ధతి మార్చమనడమే.

అన్నిటికన్నా ముందు, పోయినేడు వచ్చిన కళాకారులందరికీ బకాయిలు వెంటనే చెల్లించండి. పారితోషికం వక్తలకి ఇచ్చిన రేటు ప్రకారమే ఉండాలి. టికెట్ లేకపోతే స్వయం ధ్రువీకరణ చాలని ఆర్డరు ఇవ్వండి. చెక్కు లేకపోతే పాస్‌బుక్ మొదటి పేజీ తీసుకోండి.

బ్రోషర్ పంపిణీ ఆపి, ఆ చిత్రకారుడి పేరు వేసి, ఆయన ఒప్పుకున్న మొత్తం చెల్లించి, రాతపూర్వక అంగీకారంతో మళ్లీ అచ్చు వేయండి. ఆయన వద్దంటే బొమ్మ తీసేయండి. ధావ్లో వీడియోని ఛానల్ నుంచి ఈ వారంలోనే తొలగించండి. మిగతా వీడియోల విషయంలో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, వాళ్లకి అర్థమయ్యే భాషలో చదివి వినిపించి అనుమతి తీసుకోండి. ఇకముందు ఎవరైనా కోర్సులో ఫోన్ ఎత్తి రికార్డు చేయాలంటే ముందు ఆ మనిషిని అడగాలన్నది మొదటి రోజు చెప్పే నియమం కావాలి. పోయినేడు ఫోన్లు ఎత్తిన మా అందరికీ కూడా ఇది వర్తిస్తుంది.

స్టువర్టుపురం మాట అన్న వక్త ఆ ఎరుకల ఆవిడని స్వయంగా కలిసి క్షమాపణ చెప్పాలి. యాజమాన్యం రాతలో చెప్పాలి. ఆమె ఒప్పుకుంటేనే అది బయటపెట్టండి.

ఈ వేసవి టైమ్‌టేబుల్లో కళలకి కేటాయించిన గంటల్లో కనీసం సగం ఆదివాసీ కళాకారుల పేర్ల మీద ఉండాలి, 'డెమో' కింద కాకుండా. భాష కష్టమైతే వాళ్ల ఊరి నుంచే చదువుకున్న ఒకరిని అనువాదానికి తీసుకురండి, వారికీ డబ్బు ఇవ్వండి. వాళ్లకి వసతి, రిజర్వేషన్ టికెట్ ముందే పంపండి. మే నెలలో విజయవాడ ఎండకి కొండల్లోంచి వచ్చినవాళ్లు తట్టుకోవడం కష్టం, కాబట్టి గది ఇవ్వండి, మెట్ల మీద కూర్చోబెట్టకండి.

హక్కుల సిలబస్‌ని మళ్లీ రాయండి. భూమి, అడవి, ముంపు, పునరావాసం, నేరస్థ జాతుల చట్టం, మైదాన గిరిజనుల సమస్యలు, కళాకారుల చట్టబద్ధ హక్కులు – ఇవన్నీ ఉండాలి. రాసే కమిటీలో యానాది, ఎరుకల, సుగాలీ, చెంచు, సవర, కోయ సముదాయాల నుంచి మనుషులు ఉండాలి. మన దగ్గర ఆ కులాల్లోంచి వచ్చిన లాయర్లు, టీచర్లు, పరిశోధక విద్యార్థులు ఉన్నారు. వెతికితే గుంటూరు, కృష్ణా జిల్లాల్లోనే దొరుకుతారు. ప్రశ్న అడిగిన విద్యార్థిని కూర్చోబెట్టకూడదని కూడా రాతలో పెట్టండి.

గిరిజన కాలనీల్లోని యువతకి ఫీజు లేకుండా సీట్లు ఇవ్వండి. తమ అమ్మమ్మ పాటని తమ కాలేజీలో పాఠంగా వినే అవకాశం వాళ్లకి ఉండాలి. కుల ధ్రువీకరణ పత్రం చేతికి రాలేదన్న కారణంతో ఎవరినీ వెనక్కి పంపకండి. ఆ పత్రం రాకపోవడమే వాళ్ల సమస్యల్లో ఒకటి.

అధ్యాపక మిత్రులకు ఒక విన్నపం. ఈ ఏడాది మిమ్మల్ని వక్తగా పిలిస్తే, ఆ కళ చేసే మనిషి పేరు టైమ్‌టేబుల్లో ఉందో లేదో ముందు అడగండి. లేకపోతే మీ గంటలో సగం వారికి ఇవ్వమని మీరే కోరండి. మీరు అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

కొత్త బ్యాచ్ మొదటి తరగతి జరిగేలోపు ఈ విషయాల మీద రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. రాకపోతే, కోర్సుకి వచ్చిన ప్రభుత్వ నిధుల ఖర్చు వివరాలు, కళాకారులకి చేసిన చెల్లింపులు, వీడియోలకి తీసుకున్న అనుమతి పత్రాల కాపీలు సమాచార హక్కు చట్టం, 2005 కింద అడుగుతాం. 30 రోజుల్లో జవాబివ్వాలని ఆ చట్టమే చెబుతోంది. చిత్రకారుడికి, ధావ్లో పాడిన పెద్దావిడకి కాపీరైట్ చట్టం కింద నోటీసు పంపడానికి ఉచితంగా సాయం చేస్తామని ఇద్దరు లాయర్లు ముందుకొచ్చారు. పంపాలా వద్దా అన్నది వాళ్లిద్దరి నిర్ణయం. ఈ లేఖ బయటపెట్టే ముందు వాళ్లకీ, ఎరుకల ఆవిడకీ చదివి వినిపించాను. పేర్లు వేయవద్దన్నారు, వేయలేదు.

ఇట్లు,
పోయిన వేసవి బ్యాచ్ విద్యార్థిని,
ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు,
గుంటూరు